ఎల్లిస్ గార్‌సైడ్ ఎడమచెయ్యి

మా జిల్లా డార్ట్స్ సంఘం దగ్గర ఒక లావుపాటి పుస్తకం ఉంది. ఏ ఏడు ఏ కప్పు ఎవరు గెలిచారో అందులో రాసి ఉంటుంది. 1968 నుంచి 1978 దాకా తిరగేస్తే తొమ్మిది చోట్ల ఒక పేరు మీద నల్లసిరాతో అడ్డగీత కనిపిస్తుంది. ఆ పేరు ఎల్లిస్ గార్‌సైడ్. వాడు నా చెల్లెలు ఎడ్నా కొడుకు. గీత కొట్టినంత మాత్రాన వాడు విసిరిన బాణాలు బోర్డులోంచి ఊడి రావు. అందుకే ఆ తొమ్మిదీ నేను ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

నా పేరు ఆమోస్ లంబ్. హోమ్‌క్లిఫ్ గని కార్మికుల క్లబ్బులో ఇరవై ఆరేళ్ళు సుద్ద పట్టినవాణ్ణి. అంటే బోర్డు పక్కన నిలబడి, ఆటగాడు విసిరిన మూడు బాణాల లెక్క గట్టిగా చెప్పి, ఇంకా ఎంత మిగిలిందో పలక మీద రాసేవాణ్ణి. ఆట ఐదువందల ఒకటి దగ్గర మొదలవుతుంది, పడిన అంకెలు తీసేసుకుంటూ పోయి, ఆఖరి బాణం అంచున ఉన్న డబుల్ పట్టీలో వేసి సరిగ్గా సున్నాకి దింపినవాడు గెలుస్తాడు. చదివింది మా ఊరి బడిలో, పద్నాలుగేళ్ళ దాకా. ఆ చదువుతోనే ఐదువందల ఒకటిలోంచి ఏ అంకె తీసెయ్యమన్నా రెప్పపాటులో తీసేసేవాణ్ణి. మా క్లబ్బులో నేను రాసిన అంకెకు ఎవరూ మారుమాట్లాడింది లేదు, ఒక్క రోజు తప్ప. ఆ రోజు సంగతి కూడా చెబుతాను.

ఎల్లిస్ తండ్రి సైలస్ గనిలో ఎంత గట్టిగా గునపం వేసేవాడో ఇంట్లో అంత గట్టిగా చెయ్యి వేసేవాడు. ఎల్లిస్‌కి తొమ్మిదేళ్ళప్పుడు, బల్ల మీద పాలు ఒలకబోశాడని వాడి కుడిచెయ్యి పొయ్యి తలుపు సందులో పెట్టి తలుపు నొక్కాడు. చిటికెన వేలు విరిగి వంకరగా అతుక్కుంది. బాణం పట్టుకున్నప్పుడు ఆ వేలు కింద ఊతంలా ఉండేది. పదిహేనో ఏట సైలస్ మళ్ళీ బెల్టు తీస్తే వాడు మొదటిసారి తిరగబడ్డాడు. ఎడమచేత్తో ఒకే ఒక్క దెబ్బ. సైలస్ బొగ్గుల కొట్లో వెల్లకిలా పడ్డాడు. వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చి నన్ను పిలిచింది. నేను వెళ్ళేసరికి వీడు గుమ్మంలో కూర్చుని రొట్టె తింటున్నాడు.

"కుడిచెయ్యి వాటం కదరా నీది, ఎడమచేత్తో కొట్టావేం?" అన్నాను.

"కుడిచెయ్యి బాణాలకి, మామా. వాడి దవడ కోసం పాడుచేసుకుంటానా?"

అప్పటికి వాడి చేత బాణం పట్టించి రెండేళ్ళయింది. పట్టించింది నేనే.

పదహారో ఏట స్కార్‌వెల్ పట్నంలో కబేళాలో చేరాడు. రోజుకి నలభై పశువుల్ని పడగొట్టేవాడు. శనివారం క్లబ్బుకు వస్తే గోళ్ళ కింద ఎర్రగా ఉండేది, ఎంత తోమినా పోయేది కాదు. 1968లో మా క్లబ్బు కప్పు గెలిచాడు. 1969లో, 1970లో మళ్ళీ గెలిచాడు. మూడో కప్పు రోజు ఎవడో వెనక నుంచి "కసాయోడి చెయ్యిరా, నెత్తురు వాసన" అన్నాడు. ఎల్లిస్ కప్పు నా చేతికిచ్చి, వెనక్కి వెళ్ళి వాడి ముక్కు పగలగొట్టి, తిరిగొచ్చి కప్పు తీసుకున్నాడు.

1972లో జిల్లా షీల్డు. ఆ రోజు బస్సు ఎక్కేచోట ఇద్దరి ముందుపళ్ళు రాలాయి. 1973లో జంటల కప్పు. అప్పుడు దెబ్బ మనవైపు తగిలింది, ఒకడు వాడి చెవి తమ్మె కొరికి పేవ్‌మెంటు మీద ఉమ్మేశాడు. ఎల్లిస్ దాన్ని వెతికి జేబురుమాలులో చుట్టి నోరీన్‌కి చూపించాడు. నోరీన్ వాడి భార్య. "బాగానే ఉంది. ఇంకోటి మిగిలిందిగా, వచ్చేవారానికి," అని ఆవిడ అంట్లు తోముకుంటూ అంది.

1975లో యార్క్‌షైర్ కౌంటీ కప్పు. 1976లో అదే కప్పు మళ్ళీ. రెండోసారి స్కార్‌వెల్ వాళ్ళను ఓడించాడు. బయట కార్లు ఆపేచోట రెజ్ క్రాషా అనేవాడు మాట్లాడుతూ మాట్లాడుతూనే వీడి భుజంలో బాణం గుచ్చాడు. ఎల్లిస్ ఆ బాణం పీక్కుని, కొన చూసి, "ఇది నీదా? మొద్దుబారింది," అని వాడి జేబులో పెట్టి, తర్వాత వాడి దవడ విరగ్గొట్టాడు. రెండుచోట్ల విరిగింది. ఆరువారాలు రెజ్‌కి గొట్టంతో సూప్ తాగించారు.

అప్పుడు సంఘం వాళ్ళు వాణ్ణి పిలిపించారు. సంఘం కార్యదర్శి పోలార్డ్ అని, సన్నటి మీసం, మెడపట్టీ, అదే టై, లేకుండా ఎవరూ చూడని మనిషి. ఒక కాగితం ముందుకు తోశాడు. ఆట జరిగే చోట ఎల్లిస్ గార్‌సైడ్ ఇకముందు ఎవరి మీదనైనా, ఏ కారణానికైనా చెయ్యి చేసుకుంటే జీవితాంతం వెలి. గెలిచినవి కూడా పోతాయి. ఎల్లిస్ సంతకం చేశాడు. సాక్షి సంతకం నాది.

1977లో వాడు ఏమీ గెలవలేదు. ఆ ఏడాదంతా చేతులు జేబులో పెట్టుకోవడం నేర్చుకోవడానికే సరిపోయింది. నోరీన్ వాడి ప్యాంట్లన్నిటికీ ఎడమ జేబు లోతుగా కుట్టి, మూతికి బొత్తాం పెట్టింది. "చెయ్యి తీసే ముందు బొత్తాం విప్పాలి. విప్పేలోగా బుద్ధి రావాలి," అంది. ఒక క్లబ్బులో వాడు విసరడానికి గీత మీద నిలబడితే వెనకవాడు మెడ మీద సిగరెట్టు నలిపాడు. చర్మం కాలిన వాసన నాకు తెలిసింది. ఎల్లిస్ బాణం విసిరి, డబుల్ కొట్టి, ఆట ముగించి, అప్పుడు వెనక్కి తిరిగి "బూడిద గిన్నె అక్కడుందండీ," అన్నాడు. ఇంకోచోట బీరులో ఉమ్మేసి ఇచ్చారు. గ్లాసు పక్కన పెట్టేశాడు. ఎడమ జేబులో పిడికిలి గుడ్డ చించుకుని వస్తుందేమో అన్నట్టు ఆడేది.

1978లో రెండు కప్పులు, జిల్లా ఒంటరి ఆటా, కౌంటీ ఒంటరి ఆటా. అక్కడికి తొమ్మిది. ఆ ఏడే కబేళా మానేసి డార్ట్స్‌నే వృత్తిగా పెట్టుకున్నాడు. మా గని ఊళ్ళల్లో అలా బతికిన మొదటివాడు వాడే. వారానికి ఐదు క్లబ్బులు తిరిగి, క్లబ్బుకి ఇరవైమందితో వరసగా డబ్బుకి ఆడేవాడు. వెనక పేరు కుట్టిన ఎర్ర చొక్కా నోరీన్ కుట్టింది. ముప్పై ఒక్కేళ్ళకి వాడి గోళ్ళు తెల్లబడ్డాయి.

1979 మార్చిలో జిల్లా ఆఖరిపోటీ వచ్చింది. గెలిచినవాడు లండన్ వెళ్ళి టెలివిజన్‌లో ఆడతాడు. ఓడితే మళ్ళీ ఏడాది క్లబ్బులు తిరగడమే. చెయ్యి లేస్తే కబేళా. ఎల్లిస్‌కి ఎదురు లెన్ క్రాషా, రెజ్‌కి అన్న, లారీ నడిపేవాడు. చీటీ తీస్తే ఆట జరిగే చోటు మా క్లబ్బు అని వచ్చింది.

ఇక్కడ బోర్డు సంగతి చెప్పాలి. మా పాత యార్క్‌షైర్ బోర్డు మీద ట్రెబుల్ పట్టీ ఉండదు. పదహారు అంకె వేసిన గడిలో ఎక్కడ తగిలినా పదహారే. అంచున సన్న పట్టీలో తగిలితే రెండింతలు, అంతే. లండన్ బోర్డు మీద గడి మధ్యలో ఇంకో సన్న పట్టీ ఉంటుంది, అందులో పడితే మూడింతలు. టెలివిజన్‌లో ఆడేది దాని మీదే. సంఘం వాళ్ళు ఆ పోటీ కోసం మా బోర్డు దించి కొత్తది తగిలించారు.

గురువారం నేను వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నాను.

"మామా, శనివారం సుద్ద సంఘం వాళ్ళ మనిషికి ఇచ్చెయ్యి," అన్నాడు ఎల్లిస్.

"ఎందుకూ? నాకు లెక్కలు మర్చిపోయాయా?"

"లెక్కలు కాదు. బోర్డు కొత్తది. ట్రెబుల్ బోర్డు పక్కన నువ్వెన్నిసార్లు నిలబడ్డావు?"

"నువ్వు నిక్కరు తడుపుకునే రోజుల నుంచీ సుద్ద పడుతున్నానురా."

"అదే నేనూ అనేది. అప్పట్నుంచీ పాత బోర్డేగా."

"మన క్లబ్బులో సుద్ద మన మనిషే పట్టాలి. నా మేనమామ గుడ్డోడయ్యాడని పోలార్డ్‌కి నువ్వే వెళ్ళి చెప్పుకుంటావా? చెప్పుకో."

"చెప్పనులే," అన్నాడు వాడు.

"ఇద్దరిదీ ఒకటే తల, మధ్యలో గోడ," అంటూ నోరీన్ నా కంచంలో ఇంకో గరిటె బఠాణీలు వేసింది.

శనివారం మధ్యాహ్నం స్కార్‌వెల్ నుంచి రెండు బస్సుల జనం దిగారు. రెజ్ ముందు వరసలో కూర్చున్నాడు. అతుక్కున్న దవడ ఒకవైపుకి ఉబ్బి ఉంది. పోలార్డ్ పక్కన కుర్చీలో, మోకాళ్ళ మీద పుస్తకం.

"ఏం గార్‌సైడ్, ఇవాళ చేతులు జేబులోంచి బయటికి రానిచ్చారా?" అన్నాడు లెన్.

"ఒక్కటే వదిలారు, లెన్. నీ అదృష్టం."

ఏడు ఆటల్లో నాలుగు గెలిచినవాడిది పోటీ. చెరి మూడు గెలిచారు. ఏడో ఆటలో ఎల్లిస్‌కి అరవై నాలుగు మిగిలింది. లెన్‌కి ఎనభై ఎనిమిది మిగిలింది, వంతు అతనిది. లెన్ మొదటి బాణం పదహారు గడిలో దిగింది. రెండోదీ మూడోదీ పైన డబుల్ ఇరవై కోసం విసిరాడు, రెండూ తీగ బయట పడ్డాయి. బూతు తిట్టి, నేను లెక్క చెప్పకముందే విసురుగా వచ్చి మూడు బాణాలూ పీకేశాడు.

"పదహారు!" అని అరిచి నేను డెబ్బై రెండు రాశాను.

"ఏంటి పదహారు? ట్రెబుల్ కదరా ముసలోడా! నలభై ఎనిమిది! నాకు మిగిలింది నలభై!"

"నేను చూసింది పదహారు."

పోలార్డ్ లేచాడు. "లెక్క చెప్పేదాకా బాణాలు ముట్టకూడదు, లెన్. నువ్వు పీకేశావు. ఇక సుద్ద రాసిందే నిలుస్తుంది."

మా వాళ్ళంతా బల్లలు చరిచారు. ఎల్లిస్ గీత దగ్గర నిలబడే ఉన్నాడు. చెయ్యి పైకెత్తాడు, అందరూ ఊరుకున్నారు.

"పదహారు కాదు మామా," అన్నాడు. "ట్రెబుల్‌లో పడింది. నేను చూశాను. నలభై రాయి."

అంతమందిలో, నా క్లబ్బులో, నేను పెంచిన పిల్లాడు. నాకు చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. "ఎనిమిదడుగుల దూరం నుంచి నీకు కనిపించింది, పక్కనున్న నాకు కనిపించలేదా?"

"కనిపించింది. పాత బోర్డు లెక్క వేశావు, అంతే. తుడిచెయ్యి."

అప్పుడు నాకూ తట్టింది, బాణం దిగింది ఆ సన్న పట్టీలోనే. అరచేత్తో ఒక్కసారి రుద్దితే పోయే అంకె. నేను రుద్దలేదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క అంకె తుడవలేదు, ఇవాళ తుడుస్తానా అని మొండికేశాను. ఆ తర్వాత జరిగిందంతా ఆ అరచెయ్యి కదలకపోవడం వల్ల జరిగింది.

రెజ్ కుర్చీ తన్నేసి వచ్చాడు. నా కాలరు పట్టుకుని నుదురు బోర్డుకేసి కొట్టాడు. తీగలు చర్మంలో దిగాయి. మళ్ళీ కొట్టాడు. కళ్ళలోకి నెత్తురు కారింది. "ఇప్పుడు దగ్గర్నుంచి చూడరా! ట్రెబుల్ కనిపించిందా? కనిపించిందా?"

ఎల్లిస్ వచ్చాడు. ఎడమచెయ్యి జేబులో ఉంది, కుడిచెయ్యి వీపు వెనక ఉంది. ఛాతీతోనే నెట్టి మా ఇద్దరి మధ్యలోకి దూరాడు. "పోలార్డ్ గారూ, చూడండి, నా చేతులు చూడండి," అని అరిచాడు. "వీణ్ణి తీయండి ఎవరైనా!"

రెజ్ పక్క బల్ల మీది బీరు గ్లాసు తీసి వాడి తల మీద పగలగొట్టాడు. ఎర్ర చొక్కా తడిసింది. ఎల్లిస్ కదల్లేదు. రెజ్ మిగిలిన గాజు ముక్కతో వాడి భుజం మీద గీశాడు. అప్పుడూ కదల్లేదు. "రెజ్, నన్ను కొట్టుకో, ఎంతసేపు కావాలంటే అంతసేపు కొట్టుకో. ఆయన జోలికి పోకు," అన్నాడు. బతిమాలినట్టే అన్నాడు. వాడు ఎవరినైనా బతిమాలడం నేను ఎప్పుడూ వినలేదు.

రెజ్ నవ్వాడు. అన్న చేతిలోంచి ఒక బాణం లాక్కుని, ఎల్లిస్ పక్కనుంచి చెయ్యి చాచి, నా చెంపలో దించాడు. కొన పంటికి తగిలి ఆగింది. పీకి, ఈసారి కంటికి గురిపెట్టాడు.

"పనిచెయ్యని కన్ను ఉంచుకుని ఏం చేస్తావు ముసలోడా?"

బొత్తాం ఊడి నేల మీద పడ్డ చప్పుడు నాకు వినిపించింది. నలుగురూ నమ్మరు, కానీ వినిపించింది. మొదటి దెబ్బ రెజ్ చేతి మీద, మణికట్టు మడత పడింది. రెండోది పొట్టలో. మూడోది పాత దవడ మీద, అతికినచోటే. రెజ్ బల్ల విరిగేలా పడ్డాడు. ఆ వెంటనే లెన్ దూకాడు, రెండు బస్సుల జనం దూకారు, మా వాళ్ళు దూకారు. కుర్చీ కాళ్ళు, గ్లాసులు, పియానో మూత, చేతికి ఏది దొరికితే అది. ఒకడి చెయ్యి కిటికీ అద్దంలోంచి బయటికి పోయి మోచెయ్యి దాకా చీలింది. ఎల్లిస్ మాత్రం మూడు దెబ్బల తర్వాత ఇంకొకటి కొట్టలేదు. నన్ను గోడవారగా కూర్చోబెట్టి, మీద వంగి, వీపు మీద పడ్డవన్నీ తిన్నాడు. పక్కటెముకలు రెండు పోయాయి.

పోలార్డ్ కుర్చీ ఎక్కి నిలబడి పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు.

రెండు వారాలకి విచారణ. మెడపట్టీలు కట్టుకున్న ముగ్గురు మనుషులు, మధ్యలో పోలార్డ్. నా నుదుటికి పదకొండు కుట్లు, చెంపకి రెండు.

"చెయ్యి చేసుకున్నావా, గార్‌సైడ్?"

"చేసుకున్నానండీ."

"ఎన్నిసార్లు?"

"మూడు."

"అక్కడ ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ళు లాగేసేవాళ్ళు కదా. నువ్వు ఆగలేకపోయావా?"

"ఉన్నారండీ. మీరూ ఉన్నారు. నేను పిలిచాను, ఎవరూ రాలేదు."

పోలార్డ్ మీసం తడుముకున్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "లంబ్ గారూ, మీరు రాసిన అంకె సరైనదేనని మీరు చెబితే, రెజ్ క్రాషా కారణం లేకుండా దాడి చేసినట్టవుతుంది. అప్పుడు ఈ కుర్రాడి శిక్ష గురించి మేం ఇంకోలా ఆలోచించవచ్చు. చెప్పండి, అది పదహారేనా?"

నేను ఎల్లిస్ వైపు చూశాను. వాడు నేలకేసి చూస్తున్నాడు. పదహారు అని నేను అంటే లండన్ మిగులుతుందేమో. నా మాట అబద్ధమని తెలిసినవాడు ఆ గదిలో వాడొక్కడే, వాడూ నోరు విప్పడు, వీపు విరిగినా విప్పడు. కానీ క్లబ్బులో అందరి ముందూ ట్రెబుల్ అన్నది వాడు. ఇప్పుడు నేను పదహారంటే వాణ్ణి అబద్ధాలకోరును చేసినట్టు.

"ట్రెబుల్," అన్నాను. "తప్పు నాది. వీడు తుడవమన్నాడు, నేను తుడవలేదు."

ముగ్గురూ బయటికి వెళ్ళి పావుగంటలో తిరిగొచ్చారు. పోటీ లెన్ క్రాషాది. ఎల్లిస్ గార్‌సైడ్‌కి సంఘం కింద ఉన్న ఏ క్లబ్బులోనూ జీవితాంతం బాణం ముట్టే హక్కు లేదు. గెలిచిన తొమ్మిదీ కొట్టివేత. పోలార్డ్ అక్కడే సిరాబుడ్డి మూత తీశాడు.

తిరిగి వచ్చే బస్సులో ఎల్లిస్ నా పక్కనే. కట్లు కట్టిన పక్కటెముకలు పట్టుకుని కూర్చున్నాడు.

"లండన్ పోయిందిరా నా వల్ల," అన్నాను.

"పోయింది." నా చెంప మీది కుట్లు చూశాడు. "కన్ను పోలేదుగా. ఊరుకో."

"ఆ గదిలో నేను..."

"ఆ గదిలో చెప్పావు. బాగుంది. మెడపట్టీల ముందు చెప్పడం సులువు మామా. మన క్లబ్బులో కూడా చెప్పు."

అది విచారణ కంటే కష్టమైంది. ఆదివారం మధ్యాహ్నం క్లబ్బు నిండా జనం ఉన్నప్పుడు బోర్డు దగ్గర నిలబడి, నేను రాసిన డెబ్బై రెండు తప్పని, నలభై అని చెప్పాను. ఎవరో వెనక నుంచి "పెద్దాయనా, కూర్చో, మా పరువు కూడా తీస్తున్నావు," అన్నారు. ఇంకొకడు నవ్వాడు. ఎల్లిస్ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడుకి ఆ నవ్వు ఆగింది. నేను సుద్దముక్క పలక అంచున పెట్టి, ఇక పట్టనని చెప్పాను. ఇప్పుడెవరు పడతారని అడిగితే ఎవరూ కదల్లేదు. ఎల్లిస్ లేచాడు.

"నీకు వెలి కదరా," అన్నాడు క్లబ్బు అధ్యక్షుడు.

"బాణం ముట్టొద్దన్నారు. సుద్ద గురించి ఏమైనా రాశారా? మామా, నువ్వు విన్నావుగా, రాశారా?"

"రాయలేదు," అన్నాను.

సోమవారం నుంచి వాడు మళ్ళీ కబేళాకి వెళ్ళాడు, గోళ్ళు మళ్ళీ ఎర్రబడ్డాయి. శనివారాలు మాత్రం బోర్డు పక్కన నిలబడేవాడు. చెయ్యి దురద పెట్టేదని నాకు తెలుసు. ఎవరైనా తేలిక డబుల్ పోగొట్టుకుంటే వాడి వంకర వేలు దానంతటదే మడతపడేది. అయినా ఆట ముగిశాక ఖాళీ గదిలో కూడా వాడు ఒక్క బాణం విసరలేదు. మాట ఇచ్చానన్నాడు. నోరీన్ ఎడమ జేబుకి బొత్తాం మళ్ళీ కుట్టబోతే వద్దన్నాడు.

పంతొమ్మిదేళ్ళు సుద్ద పట్టాడు. స్కార్‌వెల్ వాళ్ళు వచ్చినప్పుడు కూడా పట్టాడు, లెన్ క్రాషా ఆడినప్పుడు కూడా పట్టాడు. వాడి అంకె తప్పని ఇంతవరకు ఒక్కడూ అనలేదు. ఆ ఎడమచేతికి భయపడి అనలేదని కొందరంటారు. వాళ్ళకి తెలియదు. ఆ పంతొమ్మిదేళ్ళూ నేను వెనక బల్ల దగ్గర కూర్చుని ప్రతి లెక్కా మనసులో మళ్ళీ వేసి చూశాను. ఒక్కటి తప్పలేదు.